కృష్ణాతీరమున తెలుగు అక్షరశిల్పము

తెలుగక్షరము అచ్చునకెక్కి రెండున్నర శతాబ్దములు దాటినవి. జర్మనీదేశమందలి హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు 1746–47 ప్రాంతమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. కాని అచ్చొత్తు విద్య మన తీరమునకు అంతకు పూర్వమే పరిచితము. 1611లో ఆంగ్లేయ వర్తకులు మచిలీపట్టణమున స్థావరము నెలకొల్పుకొనుటకు ఇచ్చటి అద్దకపు బట్టలే ముఖ్యాకర్షణము. నేటికిని పెడనలో పనివారు చిత్రమును టేకుచెక్కపై చెక్కి, రేఖకొక అచ్చు, ఒక్కొక్క రంగునకు వేరొక అచ్చు సిద్ధపరతురు. ఒక అచ్చు వెంట్రుకవాసి జరిగినను పూవు చెదరును. లోహపు అక్షరములు పేర్చువానికి వలసిన ఓర్పును ఇదియే.

ఆ పట్టణముననే 1902లో కృష్ణాపత్రిక వెలసినది. 1907 మొదలుకొని 1945 వరకు ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. 1910లో స్థాపితమైన ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారు చిత్రలేఖనము నేర్పిరి. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. చిత్రమును విద్యలో భాగముగా నెంచిన ఆ పూనిక మిక్కిలి మెచ్చదగినది. అక్షరమునకు మాత్రము అంతటి ఆదరము లభింపలేదు. చిత్రకారుని పేరు మనకు దెలియును. ప్రతిదినము మన కన్నులయెదుట నిలుచు అక్షరమును గీచినవాని పేరు ఎవరడుగుదురు?

ఈ లోటు ఇటీవల కొంత తీరినది. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన 'మండలి' అను అక్షరసంపుటము ముఖ్యముగా వార్తాపత్రికలకై యుద్దేశింపబడినది. దివిసీమకు ప్రతినిధియై, 1975లో ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించిన మండలి వేంకటకృష్ణారావుగారి పేర అది వెలసినది. దానిని సిలికానాంధ్ర సంస్థ ఎల్లరకు ఉచితముగా నొసగినది. అదే వరుసలో గిడుగు, గురజాడ, సూరన్న, తిమ్మన మొదలగువారి పేర్లతో మరికొన్ని వచ్చినవి. నిమ్మకూరువాసియైన ఎన్.టి.ఆర్. పేర నొకటి కలదు. పమిడిముక్కలలోని ఒక బాలిక వెల చెల్లింపకయే వీనిలో దేనినైనను వాడుకొనవచ్చును. పూర్వము మంచి అచ్చక్షరములు ధనవంతులైన ముద్రాపకుల సొత్తు.

వీని నిర్మాణమున గల కష్టము చదువరులు గుర్తింపదగినది. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతి తెలుగునకు 128 స్థానములను కేటాయించినది. 'స్త్రీ' అనుదానిని యంత్రము ఆరు చిహ్నములుగా భద్రపరచును: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన ఇ గుర్తు. కన్నునకు గనబడునది ఒక్క యక్షరమే. ఏ వత్తు ఎచ్చట నిలువవలెనో, ఎంత చిన్నది కావలెనో శిల్పి ముందుగనే నిర్ణయింపవలెను. వత్తులు క్రిందికి దిగుటచే పంక్తుల నడుమ ఎడము పెరుగును. ఎడము తగ్గించినచో క్రింది పంక్తి తలకట్టునకు తగులును. ఆంగ్లాక్షరమునకు ఈ చిక్కు లేదు.

ఆలంకారిక రూపములపై నాకు గౌరవమున్నది. బాపుగారి చేవ్రాలు ననుసరించిన అక్షరములతో శుభలేఖ నందుకొనుట ఎవరికి ప్రియము గాదు? అయినను శుభలేఖ ఒక్కసారి చదువబడును. పాఠ్యపుస్తకము ఏడాది పొడుగున చదువబడును. బాలుర కన్నులకు హాయిగొలుపు గ్రంథాక్షరమునకై శ్రమించువారికి మన సభలలో నింకను పీట వేయవలసియున్నది. నూతనముగా నేదైన నొక అక్షరరూపము మీ చేతికి వచ్చినప్పుడు పెద్ద శీర్షికను జూచి సంతసింపక, 'స్త్రీ', 'జ్ఞానము', 'వస్త్రము' అను మాటలను చిన్న ప్రమాణమున అచ్చొత్తించి దీపము వెలుగున చదివి చూడుడు.