పది డాలర్ల గయ్యాళి

మా అక్క కూతురు నా కథ ఒకటి ఇంగ్లీషులోకి మార్చి, "ఒకసారి చూడు పిన్నీ" అని నా ముందు పెట్టింది. కథలో మామగారు పప్పులో ఉప్పు లేదంటాడు. కోడలు వంటింటి కప్పు కారుతోందని మూడేళ్ళుగా చెబుతోంది. మా పిల్ల మామగారికేమో 'ప్రొటెస్ట్' అని రాసింది, కోడలికి 'నాగ్' అని!

"ఇదేమిటే?" అన్నాను.

"ఏదైనా బాగాలేదని చెప్పడమేగా పిన్నీ" అంది.

అదెలా అవుతుంది చెప్పండి? నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. 'ప్రొటెస్ట్' లాటిన్ నుంచి వచ్చింది. నలుగురి ఎదుటా సాక్షిగా నిలబడి ప్రకటించడమన్నమాట. 1529లో జర్మనీలోని స్పైయర్ సభలో, లూథర్ పక్షం రాజులు తీర్మానానికి ఒప్పుకోమని అలా ప్రకటించబట్టే ప్రొటెస్టెంట్లన్న పేరు పుట్టింది. 'కంప్లెయిన్' మూలంలో గుండెలు బాదుకోవడం వుంది. మన 'ఫిర్యాదు' కూడా పారశీకంలో ఆర్తనాదమే, కచేరీ మెట్లెక్కి కాగితమైంది. ఇక 'నాగ్' అంటారా, అది స్కాండినేవియా వైపు నుంచి వచ్చిన మాట. కొరకడం. కప్పు కారుతోందన్న మనిషి ఎలకైపోయింది చూశారా!

వీటన్నిటికంటే నన్ను కూర్చోబెట్టిన మాట 'స్కోల్డ్'. మనం తిట్టడమని చదువుకున్నాం గాని, ఇంగ్లండు చట్టంలో అది ఒక నేరస్థురాలి పేరు. నోరు పెట్టుకుని ఇరుగుపొరుగుకి శాంతి లేకుండా చేసే ఆడది 'కామన్ స్కోల్డ్'. మగవాడికి ఆ నేరం అంటదు! శిక్ష ఏమిటంటే, కుర్చీలో కట్టి నీళ్ళలో ముంచి లేపడం. లెమ్‌స్టర్ అనే వూళ్ళో 1809లో జెన్నీ పైప్స్ అనే ఆవిణ్ణి అలా ముంచారు. 1817లో సారా లీక్ అనే ఇంకొకావిణ్ణి కుర్చీలో వూరంతా తిప్పి తీసుకెళితే, తీరా చూస్తే నీళ్ళు చాల్లేదు. ఏటికి వున్న జాలి మనుషులకి లేకపోయింది.

అమెరికాలో ఆన్ రాయల్ అని ఒక రచయిత్రి వుండేది. భర్త పోయాక ఆయన రాసిన వీలునామా చెల్లదని బంధువులు కోర్టుకెక్కి ఆస్తి లాగేసుకుంటే, వూళ్ళు తిరిగి పుస్తకాలు రాసి బతికింది. అరవయ్యో ఏట, 1829లో, వాషింగ్టన్ కోర్టు ఆవిణ్ణి కామన్ స్కోల్డ్‌గా తేల్చింది. ముంచే కుర్చీ కూడా తయారుచేయించారట. కోర్టుకే మొహమాటమేసి పది డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. అది కట్టింది ఇద్దరు పత్రికా విలేఖరులు. మూడేళ్ళు తిరక్కుండా, 1831లో ఆవిడ సొంత పత్రికే పెట్టింది!

ఇంగ్లండులో ఈ నేరాన్ని కొట్టేసింది 1967లో. మా అమ్మ అప్పటికి పరికిణీలు కట్టుకుంటోంది.

అన్నట్టు, ఈ 'స్కోల్డ్' పాత నార్స్ భాషలో కవిని పిలిచే మాట నుంచి వచ్చిందని పండితుల వూహ. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఇదంతా చెప్పి మా పిల్లని చీవాట్లేశాను. అది నిదానంగా విని, నా కథ అచ్చయిన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. మామగారు 'ఆక్షేపించారు'. కోడలు 'సణిగింది'. రాసింది నేనే!

కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత కలం తీసుకుని, మొదటి ఏడు 'చెప్పింది', రెండో ఏడు 'మొరపెట్టుకుంది', మూడో ఏడు 'నిలదీసింది' అని తెలుగే ముందు దిద్దాను.

"మరి మామగారికి పిన్నీ?"

"గొణిగాడని రాయవే. ఉప్పుకి అది చాలు."