కన్సోల్ సర్వర్

కన్సోల్ సర్వర్ అనగా సర్వర్లు, రౌటర్లు, స్విచ్చుల సీరియల్ పోర్టులను నెట్‌వర్కు ద్వారా దూరం నుండి వాడుకొనుటకు వీలు కల్పించే పరికరం.

పనిచేసే విధానం

సీరియల్ పోర్టుకు ఐపీ చిరునామా అవసరం లేదు. అందువలన సర్వర్ నెట్‌వర్కు అమరికలు చెడినా, ఆపరేటింగ్ సిస్టమ్ లోడు కాకపోయినా ఈ మార్గంలో సందేశాలు చూచి ఆదేశాలు ఇవ్వవచ్చు. దీనికి ఆధారం 1960లో వెలువడిన ఆర్‌ఎస్-232 ప్రమాణం. సాధారణంగా వాడే వేగాలలో ఒకటి సెకనుకు 9600 బిట్లు. నిర్వాహకుడు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా కన్సోల్ సర్వర్‌లో ప్రవేశించి కావలసిన పోర్టును ఎంచుకుంటాడు. 2004 నాటి ఐపీఎంఐ 2.0 ప్రమాణం ప్రకారం మదర్‌బోర్డుపై ఉండే ప్రత్యేక చిప్ కూడా ఇదే సౌకర్యాన్ని అందిస్తుంది.

ప్రాముఖ్యత

2024 సెప్టెంబరులో కొల్లేరు వరద వలన ఏలూరు-కైకలూరు రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. ఇటువంటి సమయాలలో సర్వర్ వద్దకు మనిషి చేరలేడు. కన్సోల్ ఒక్కటే దారి. అయితే ప్రధాన నెట్‌వర్కుతో సంబంధం లేని మొబైల్ లేదా టెలిఫోన్ లైను దానికి ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు సుమారు ఆరు గంటలు ఆగినప్పుడు ప్రధాన నెట్‌వర్కుతో పాటు ప్రత్యామ్నాయ మార్గమూ పనిచేయలేదు. ఇంజనీర్లు డేటా కేంద్రాలకు స్వయంగా వెళ్ళవలసి వచ్చింది.