కొబ్బరితోట - ఉపగ్రహ చిత్రం: ఉత్తరాంధ్ర తుపాను నష్టగణనపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

తుపాను వెలిసిన తరువాత తోటల గ్రామాలలో తలెత్తే ప్రశ్నలు రెండు. ఎన్ని చెట్లు కూలాయి? అవి ఎవరివి? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోట తరాలను పోషించే ఆస్తి కనుక, నష్టపరిహారం ఈ రెండు ప్రశ్నల జవాబులపైనే ఆధారపడుతుంది. అధిక స్పష్టత గల వాణిజ్య ఉపగ్రహ చిత్రాలు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితికి ఎలా చేరాయో, రెండవ ప్రశ్న ఎందుకు మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్పష్టత పెరిగిన క్రమం:

భారతదేశంలో దూరసంవేదన పరిశోధన కొబ్బరిచెట్టుతోనే మొదలైంది. 1970లో పి. ఆర్. పిషారోటి బృందం కేరళలో హెలికాప్టర్ నుండి పరారుణ చిత్రాలు తీసి, కొబ్బరిచెట్లను వేరు నుండి వడలిపోజేసే తెగులును గుర్తించే ప్రయత్నం చేసింది. అయితే 1972లో అమెరికా ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ చిత్రంలో ఒక్కొక్క పిక్సెల్ సుమారు 80 మీటర్ల చదరం. ఏడున్నర మీటర్ల ఎడంతో నాటిన కొబ్బరితోటలో అంత చోటులో 110కి పైగా చెట్లు ఉంటాయి. తోట కనిపిస్తుంది, చెట్టు కనిపించదు. 1995 డిసెంబరు 28న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1సి స్పష్టతను 5.8 మీటర్లకు తెచ్చింది. దాని చిత్రాలు విదేశాలలోనూ అమ్ముడయ్యాయి. 1999లో అమెరికా ప్రైవేటు ఉపగ్రహం ఇకోనోస్ ఒక మీటరు స్పష్టతను అంగడి సరుకుగా మార్చింది. 2014లో వచ్చిన వరల్డ్‌వ్యూ-3 దానిని 31 సెంటీమీటర్లకు చేర్చింది. ఇప్పుడు ఒక కొబ్బరి తల వందలాది పిక్సెళ్ళుగా విడివడి కనిపిస్తుంది.

తుపానులు - చిత్రం పరిమితులు:

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం జిల్లా తీరమండలాలను కూడా దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి.

ఇటువంటి సమయంలో చిత్రాన్ని ముందుగా అడ్డగించేది మేఘం. మేఘాలను దాటి చూడగల రాడార్ ఉపగ్రహాలు ముంపును చక్కగా గుర్తిస్తాయి గాని, చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించడానికి అంతగా అనువు కావు. మబ్బు విడిచాక తీసిన చిత్రం కూడా ఒంటరిగా చాలదు. తుపానుకు ముందటి చిత్రం పక్కన ఉంటేనే కూలిన చెట్టు లెక్కకు వస్తుంది. వాణిజ్య సంస్థల పాత చిత్రాల భండారానికి విలువ ఇక్కడే ఏర్పడింది.

పైనుండి తీసిన చిత్రానికి మరికొన్ని పరిమితులున్నాయి. మొవ్వు దెబ్బతిన్న చెట్టు నిలిచే కనిపించి, కొన్నాళ్ళకు చనిపోవచ్చు. జీడిచెట్ల కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక అక్కడ చెట్ల సంఖ్య కంటె విస్తీర్ణమే నమ్మదగిన కొలత. పెద్దచెట్ల నీడన పెరిగే అంతరపంట కనిపించదు. తోట పట్టాదారు స్వయంగా చేస్తున్నాడో, కౌలురైతు చేస్తున్నాడో ఏ చిత్రమూ చెప్పదు.

చిత్రం ఎవరి చేతిలో?

2011 నాటి దూరసంవేదన దత్తాంశ విధానం ఒక మీటరు వరకు స్పష్టత గల చిత్రాలను వివక్ష లేకుండా అందించడానికి వీలు కల్పించింది. అంతకంటె స్పష్టమైన చిత్రాలు పరిశీలన, అనుమతుల పరిధిలో ఉండిపోయాయి. అంటే, చెట్టును స్పష్టంగా చూపగల చిత్రమే రైతుకు దూరమైంది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు భూస్థానిక సమాచార రంగంలో భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరాన్ని తొలగించాయి. అయినా చిత్రాన్ని కొనే స్తోమత, చదివే నైపుణ్యం గ్రామానికి అందలేదు.

ముగింపు:

అర్ధశతాబ్దంలో ఉపగ్రహ చిత్రం తోట నుండి చెట్టు వరకు దిగివచ్చింది, చెట్టు నుండి మనిషి వరకు రాలేదు. ఆ మిగిలిన దూరాన్ని పూరించవలసినవి గ్రామ రికార్డులు, కౌలు గుర్తింపు, క్షేత్ర పరిశీలన. తుపానుకు ముందటి, తరువాతి చిత్రాలను గ్రామసభలో అందరి ముందూ ఉంచినప్పుడే అవి అధికారుల లెక్కకు మాత్రమే గాక, లెక్కలో చేరని రైతు అభ్యంతరానికి కూడా సాక్ష్యంగా నిలుస్తాయి.