మొక్కజొన్నలో కత్తెర పురుగు గుర్తింపు: ఫోన్‌తో దగ్గరి ఫొటోలు తీసి కలిపే పద్ధతి

మొక్కజొన్న ఆకు సుడిలో పురుగు కనిపించగానే చాలామంది రైతులు ఫోన్‌తో ఒక ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపుతున్నారు. మంచి అలవాటే. కానీ మాకు వచ్చే ఫొటోల్లో తల స్పష్టంగా ఉంటే తోక మసకగా ఉంటుంది, తోక కనిపిస్తే తల కనిపించదు. కత్తెర పురుగును నిర్ధారించాలంటే రెండూ కావాలి.

2018లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మన దేశంలో తొలిసారి బయటపడిన ఈ పురుగు అదే ఏడాది తెలంగాణకూ వచ్చింది. ఎదిగిన పురుగు తలపై తిరగేసిన ‘వై’ ఆకారపు తెల్లని గీత, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్లని మచ్చలు ఉంటాయి. ఇవి చూడకుండా పొగాకు లద్దె పురుగనో, కాండం తొలుచు పురుగనో అనుకుని మందు కొడితే ఆ ఖర్చు వృథా. ఈలోగా పురుగు పెరిగి సుడి లోపలికి పోతుంది. అక్కడ దాని విసర్జితాలు రంపపు పొట్టులా సుడిని మూసేస్తాయి, మందు లోపలికి అందదు.

ఫోన్‌ను ఎంత దగ్గరగా పెడితే అంత పలుచని పొర మాత్రమే స్పష్టంగా వస్తుంది. ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఇంతే. అందుకని పురుగును సీసాలో వేసి పది, పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి, కదలిక తగ్గుతుంది. తర్వాత నీడలో తెల్ల కాగితంపై పెట్టండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా రెండు ఇటుకలపై ఆనించి, తెరపై ముందు తలను, తర్వాత నడుమును, చివరికి తోకను తాకుతూ ఆరేడు ఫొటోలు తీయండి. వీటిలో స్పష్టంగా ఉన్న భాగాలను కలిపి ఒకే ఫొటో చేయడాన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు.

ఆకుకు వేరే పద్ధతి. కాండం తొలుచు పురుగు తిన్న ఆకు విచ్చుకున్నాక గుండుసూది రంధ్రాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. కత్తెర పురుగు ముందు ఆకుపై పొరను గీకి తెల్ల మచ్చలు చేస్తుంది, పెరిగాక పెద్ద పెద్ద చిల్లులు పెడుతుంది. ఈ తేడా తెలియాలంటే ఆకు మొత్తం కనిపించాలి. ఆకును పలకపై చదునుగా పరిచి, ఫోన్‌ను తిప్పకుండా ఆకు వెంబడి నేరుగా జరుపుతూ తీయండి. ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని మూడో వంతు మళ్లీ రావాలి. ఫోన్‌లో ఉండే పనోరమా దూరపు దృశ్యాలకు చేసింది, దగ్గరి ఆకు అందులో ముక్కలుగా విరిగి వస్తుంది.

ఆకుపై గుడ్లు, పిల్ల పురుగులు కూడా కనబడాలంటే రెండు పద్ధతులూ కలపాలి. ఆకుపై ఒక్కో చోట ఫోకస్ మారుస్తూ నాలుగైదు తీసి, తర్వాత పక్కకు జరపాలి. కలిపేటప్పుడు ముందు ఒక్కో చోటి ఫొటోలను ఒకటి చేయాలి, ఆ తర్వాతే వాటిని పక్కపక్కన అతకాలి. హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో రెండు పనులూ అవుతాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఎన్నో ఇళ్ల పిల్లలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేస్తున్నారు. వారికి ఇది అరగంట పని, ఒకసారి అడిగి చూడండి.

ఒక జాగ్రత్త. మధ్యలో పురుగు కదిలితే కలిపిన ఫొటోలో మచ్చలు రెండింతలు కనిపించవచ్చు. కాబట్టి అసలు ఫొటోలు కూడా పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, ‘డాక్యుమెంట్’గా పంపండి. చిన్న పిల్ల పురుగులపై గుర్తులు సరిగా కనబడవు. అప్పుడు ఫొటో కోసం ఆగకుండా ఆకుతో సహా పురుగును సీసాలో వేసుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులో అడగండి.