పావులూరి గణితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమేదేని వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. రాజుల చరిత్ర వ్రాయుటకు సమర్థులున్నారు. జీవితమంతయు చిట్టా ఆవర్జాలతో గడపిన నాకు లెక్కల పుస్తకము వ్రాసిన కవి కథయే దగ్గరగా తోచినది.

క్రీ. శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణిత సార సంగ్రహమును రచించెను. తెలుగు బాలునికి అందు భయము రెండు విధములు. లెక్క తెలియదు, లెక్కను చెప్పు భాషయు తెలియదు. ఈ రెండవ భయమును తీర్చినవాడు పావులూరి మల్లన. అతడు 11వ శతాబ్దివాడని పెక్కుర అభిప్రాయము. నన్నయభట్టు భారతమును తెనిగించినదియు ఆ శతాబ్దిననే. భారతమునకు తెలుగు వచ్చిన కాలముననే త్రైరాశికమునకును తెలుగు వచ్చెనన్నమాట. ఈ సంగతి మనము తగినంతగా చెప్పుకొనము.

మల్లన కేవలము భాష మార్చి ఊరకుండలేదు. మూలమున జైనమత సంబంధముగా నున్నవానిని శైవపరముగా మార్చెను. వర్గము కట్టుటకును ఘనము కట్టుటకును మూలమున పెక్కు మార్గములుండగా ఒక్కొక్క మార్గమునే నిలిపెను. బీజగణితపు పోకడలు గలవానిని వదలెను. ఇది లోపమని కొందరనవచ్చును. వదలినదానిలో విలువగలది లేదని నేనును అనను. కాని పలక పట్టిన పిల్లవానికి ఒకే దినమున ఐదు త్రోవలు చూపినచో వాడు ఏ త్రోవను నడువడు.

మల్లన పేర జనుల నోట నిలిచినది చదరంగపు పద్యము. 64 గడులు, మొదటి గడిలో 1 గింజ, రెండవదాన 2, మూడవదాన 4, ఇట్లు రెట్టించుచు పోయిన మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెలు! చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5, గిరులనగా 7, ఆకాశమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చుకొనుచు పోవలెను. ఒక మాట జారినచో ఛందస్సే పట్టియిచ్చును.

నేనును బాల్యమున ఆ పద్యమును గడగడ చదివి మెప్పు పొందినవాడనే. ఒకనాడు మా తాతగారు, "ఏరా అబ్బాయీ, మొదటి నాలుగు గడులలో కలిపి ఎన్ని గింజలురా?" అని అడిగిరి. నోరు మెదపలేకపోతిని. ఇరువది అంకెలు చెప్పగలవానికి పదునైదు చెప్పరాలేదు! ఆయన నవ్వి నేలపై చింతగింజలు పేర్చిరి. 1, 2, 4, 8 కలిపిన 15. ఐదవ గడిలో 16. ఎంతవరకు పోయినను మొత్తము తరువాతి గడికంటె ఒకటియే తక్కువ. కావున 64 గడులను కూడనక్కరలేదు. లేని 65వ గడిని కనుగొని ఒకటి తీసివేసిన చాలును.

ఆ గడికి దారియు దగ్గరిదే. రెండవ గడిలోని 2ను వర్గించిన 4. దానిని వర్గించిన 16. పిమ్మట 256, 65536, 4294967296. ఇవి వరుసగా 3, 5, 9, 17, 33వ గడులు. మరియొక్క మారు వర్గించిన 65వ గడి. వెరసి ఆరు గుణకారములు. మల్లన నిలిపిన ఆ ఒక్క వర్గమార్గము వచ్చియుండిన చాలును. కడపటి గుణకారమునకు పలక చాలక అరుగుపై సుద్దతో వ్రాసితిమి. తుది అంకె 6 వచ్చెను. తాతగారు దానిని చెరిపి 5 వేసి, "పద్యము దేనితో మొదలవుతుందిరా?" అనిరి.

బాణములతో.