మంచు కరిగే వేళ

తుపాను, వరద, వడగాలి మనం ఎరిగిన ఉపద్రవాలు. మంచుకొండల వాసులకు మరొకటి ఉంది. అది మంచు చరియ. నడిచలికాలంలోనే అది విరిగిపడుతుందని అనుకుంటాం. చలి తగ్గుముఖం పట్టే వేళ కూడా అంతే ప్రమాదమని 1910 మార్చి నెల చాటి చెప్పింది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాలలో వెల్లింగ్టన్ అనే చిన్న రైల్వే స్టేషను ఉండేది. ఆ ఏడు ఫిబ్రవరి చివర గ్రేట్ నార్తర్న్ రైల్వే వారి రెండు రైళ్ళు, ఒకటి ప్రయాణికులది, ఒకటి టపాలది, మంచులో చిక్కుకుని అక్కడ రోజుల తరబడి నిలిచిపోయాయి. మంచు తవ్వే యంత్రాలు మొరాయించాయి. తంతి తీగలు తెగిపోయాయి. కూలి గిట్టక పారపని వారు చాలామంది దిగిపోయారు. అంతలో వాతావరణం వేడెక్కింది. మంచుకు బదులు వాన మొదలైంది. మార్చి 1వ తేదీ అర్ధరాత్రి దాటాక ఉరుములు ఉరుముతుండగా కొండ వాలు నుంచి మంచు పలక జారింది. రెండు రైళ్ళనూ లోయలోకి నెట్టేసింది. 96 మంది మరణించారు.

మూడు రోజుల తరువాత, మార్చి 4వ తేదీ రాత్రి, కెనడాలోని రోజర్స్ కనుమలో పట్టాలపై పడిన ఒక చరియను కూలీలు తొలగిస్తున్నారు. ఎదుటి కొండ నుంచి మరో చరియ వచ్చిపడింది. చాలామంది చనిపోయారు. వారిలో జపాను నుంచి వలస వచ్చిన కూలీలు ఎందరో ఉన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. వాన పడితే పైపొర బరువెక్కుతుంది. నీరు లోపలికి ఇంకి పొరల మధ్య పట్టు సడలుతుంది. వసంతంలో ఎండ కూడా ఇదే పని చేస్తుంది. రాత్రి గట్టిపడిన మంచు పగలు మెత్తబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే వాలు దాటుతారు.

వెల్లింగ్టన్ దుర్ఘటన దైవకృత్యమని, రైల్వేది బాధ్యత కాదని చివరకు కోర్టు తేల్చింది. అయితే ఆ వాలు మీద చెట్లను అంతకు ముందే కార్చిచ్చులు తినేశాయి. మంచును ఆపే అడ్డు లేకపోయింది. తరువాత అదే రైల్వే పట్టాలపై కప్పులు కట్టింది. 1929లో పన్నెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తెరిచింది. కెనడాలోనూ 1916లో సొరంగం వచ్చింది. దైవకృత్యమన్నదానికి మనుషులే మందు కనుక్కున్నారు.

ఈ కథ పాతబడలేదు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మాణా గ్రామం వద్ద రోడ్డు పనివారి శిబిరంపై చరియ పడింది. 54 మందిలో 46 మందిని రక్షించారు. ఎనిమిది మంది మరణించారు. వైశాఖంలో మన తెలుగు యాత్రికులు సాగిపోయే దారిని తెరిచి ఉంచేది ఇటువంటి కూలీలే. కొండ మీద స్థానికులు 'ఇప్పుడు వద్దు, ఆగండి' అంటే ఆగడం మన వంతు. దారి వేసేవారిని చరియ పడని చోట ఉంచడం వేయించేవారి వంతు.