గోబీమళ్లలో బూజు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనగానే మంజీర మీద 1931లో పూర్తియైన నిజాంసాగరము, దాని కాలువల కింది వరి, చెరకు మనకు తలపునకు వచ్చును. బావుల కింద చలికాలమున పెరిగెడి గోబీమళ్ల కథ వేరు. మన వాడుకలో గోబీగడ్డ యనగా క్యాబేజీ, గోబీపువ్వనగా కాలీఫ్లవరు. రెండును పరదేశమునుండి వచ్చినవే. కాలీఫ్లవరు 1822లో సహరాన్‌పూరు తోటకు చేరినదని చెప్పుదురు. గింజతోపాటు తెగులును ప్రయాణము చేయగలదు. ఆకుమచ్చ తెగులు విత్తనము నంటియే రాగలదు.

రాత్రి కురిసిన మంచు తెల్లవారినను ఆరనిచో ఆకుపై పసుపు మచ్చ, దాని అడుగున తెల్లని బూజు కనిపించును. ఆకుమచ్చ తెగులైనచో నల్లని మచ్చలలో వలయములు తేలును. అది పువ్వుకు సోకిననాడు బజారులో ధర పలుకదు. రైతు ఎరువు అప్పు మాత్రము అట్లే నిలిచియుండును.

పూర్వము ఐరోపా పండితులు సయితము మొక్క జబ్బుపడిన పిదప బూజు పుట్టుననుకొనిరి. బూజే జబ్బునకు కారణమని 1807లో గోధుమ కాటుక తెగులును పరీక్షించి ప్రెవో చూపగా నమ్మినవారు తక్కువ. బంగాళాదుంప తెగులుపై 1861లో డిబారీ చేసిన పరిశోధనతో ఆ సందేహము చాలవరకు తీరినది. మన దేశమున ఈ శాస్త్రమునకు పునాది వేసిన బట్లరు గ్రంథము 1918లో వెలువడినది. బూజుతెగులు కారకము అసలైన శిలీంధ్రము కాదని, నీటి నాచులకు చుట్టమని నేటి శాస్త్రజ్ఞులందురు. రైతుకు మాత్రము రెండును బూజులే!

ఇక మందు దొరికిన తీరు వింతయైనది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు బాటసారులు ద్రాక్షపండ్లు దొంగిలింపకుండ బాట ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకే ఆకులు నిలిచియుండుట 1882లో మిలార్డే గమనించెను. 1885లో లోకమునకు తెలిపెను. బోర్డో మిశ్రమము అట్లు పుట్టినది. కాని అది బూజు ఆకులోనికి చొరబడక ముందు అడ్డుకొనునదే గాని, చొరబడిన పిదప వెడలగొట్టునది కాదు. మచ్చ చూచిన తరువాత మందుల అంగడికి పరుగెత్తు అలవాటు మనలో ఇంకను పోలేదు. నష్టమంతయు అక్కడనే యున్నదని మా అభిప్రాయము.

పైగా క్యాబేజీ ఆకుపై మైనపు పొర యుండును. తామరాకుపై నీటిబొట్టువలె మందు జారిపోవును గనుక అంటుకొనెడి పదార్థము కలుపుట అవసరము. విత్తనమును 50 డిగ్రీల వేడినీటిలో అరగంటకు మించకుండ ఉంచి ఆరబెట్టుట, సాయంకాలమున ఆకు తడియకుండ నీరు పెట్టుట, కోసిన పిదప మోళ్లను మడిలో వదలకుండుట కాసులు ఖర్చు లేని పనులు. మంచు పడు దినములలో ఉదయమే మడిలోనికి దిగి, క్రింది ఆకులను తిప్పి చూడవలెను. బూజు మొదట కనబడునది అక్కడనే.